యుద్ధంలో ఫైటర్ స్క్వాడ్రన్ కమాండర్ మోసే బరువు ఏమిటి?

మీరు అడిగింది ఇది: ఫైటర్ స్క్వాడ్రన్ కమాండర్ ఆఫీసులో కూర్చుని హుకుం జారీ చేసే మనిషి కాదు కదా, మిగతా పైలట్లతో పాటు తనూ ఎగురుతాడు, వాళ్ళకున్న ప్రాణభయమే తనకీ ఉంటుంది, మరి కమాండర్ అయినందుకు అదనంగా మోసేది ఏముంది, కాస్త కాగితాల పని తప్ప?

నేను వైమానిక దళంలో 22 ఏళ్ళు పనిచేశాను. అందులో ఎక్కువ భాగం ఫైటర్ స్క్వాడ్రన్లలోనే గడిచింది. అయితే ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. నేను యుద్ధంలో ఎగరలేదు, స్క్వాడ్రన్‌ని నడపలేదు, కమాండర్‌కి కింది మెట్టయిన ఫ్లైట్ కమాండర్ దగ్గరే ఆగిపోయాను. కుర్రతనంలో అడ్జుటెంట్ పని, అంటే కమాండర్‌కి ఆఫీసు పనుల్లో సాయం చేసే పని, కూడా చేశాను కాబట్టి సీఓ (కమాండింగ్ ఆఫీసర్) పక్కనే తిరుగుతూ ఆయన ఏం మోస్తున్నారో దగ్గర నుంచి చూశాను. మిగతాదంతా చదివి తెలుసుకున్నది. రిటైరై సికింద్రాబాద్‌లో స్థిరపడ్డాక నా చదువు చాలావరకు ఒకే స్క్వాడ్రన్ చుట్టూ తిరుగుతోంది. దాని పేరులోనే మన హైదరాబాద్ ఉంది. మీకు జవాబు ఆ స్క్వాడ్రన్ కథతోనే మొదలుపెడతాను. వారం రోజుల్లో అది ముగ్గురు నాయకుల్ని పోగొట్టుకుంది.

1940 జూలై నుంచి అక్టోబర్ దాకా ఇంగ్లండ్ ఆకాశంలో బ్రిటిష్, జర్మన్ విమానాల మధ్య జరిగిన పోరాటాన్ని బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ అంటారు. అందులో పోరాడిన రాయల్ ఎయిర్ ఫోర్స్ (బ్రిటిష్ వైమానిక దళం) స్క్వాడ్రన్లలో రెండింటికి హైదరాబాద్ పేరుంది. స్పిట్‌ఫైర్ ఫైటర్ విమానాలు నడిపిన 152 ఒకటి, హరికేన్ ఫైటర్లు నడిపిన 253 ఇంకొకటి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన విరాళాలకి గుర్తుగా వాటికి ఆ పేర్లు వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో కూడా ఆయన డబ్బుతోనే 110 స్క్వాడ్రన్‌కి విమానాలు సమకూరాయి. 152 చిహ్నం మీద నిజాం తలపాగా ఉంటుంది, దాని కింద 'నమ్మకమైన మిత్రుడు' అని అర్థమొచ్చే మాట. నిజాం ఖజానాలో చేరిన డబ్బు ఎవరి చెమటో మనకి తెలుసు. నల్లగొండలోనో వరంగల్‌లోనో శిస్తు కట్టిన రైతుకి ఇంగ్లండ్‌లో కెంట్ అనే సీమ ఒకటుందని కూడా తెలిసి ఉండదు. ఆ కెంట్ పొలాల్లోనే ఈ విమానాలు కూలాయి.

స్క్వాడ్రన్ అంటే ఒకేసారి గాల్లోకి లేచేవి మామూలుగా 12 విమానాలు. వాటికి ఇరవై మందికి అటూ ఇటూగా పైలట్లు, వంద మందికి పైగా మెకానిక్కులు, తూటాలు నింపేవాళ్ళు, రేడియోవాళ్ళు, ఒక డాక్టరు, ఒక ఇంటెలిజెన్స్ ఆఫీసరు, ఒక అడ్జుటెంట్ ఉంటారు. ఎ ఫ్లైట్, బి ఫ్లైట్ అని రెండు భాగాలు. వాళ్ళందరి మీదా స్క్వాడ్రన్ లీడర్ హోదా ఉన్న ఒక కమాండర్. ఎప్పుడు ఎగరాలన్నది ఆయన చేతిలో లేదు. రాడార్ కేంద్రాల నుంచీ, ఆకాశం చూస్తూ కూర్చునే పరిశీలకుల నుంచీ కబురు ఆపరేషన్స్ రూమ్‌కి వెళ్తుంది. అక్కడి కంట్రోలర్ నిర్ణయిస్తాడు. రన్‌వే పక్కన గుడిసెలో ఫోన్ మోగుతుంది, 'స్క్రాంబుల్' అని అరుస్తారు, అందరూ విమానాల వైపు పరిగెత్తుతారు. శత్రువులు ఎంతమంది, ఏ ఎత్తులో వస్తున్నారు అని కంట్రోలర్ చెప్పేది పైకి వెళ్ళాక సగమే నిజమవుతుంది. ఇక కమాండర్ చేతిలో మిగిలింది ఒక్కటే. ఎవరు ఎగరాలి, ఎవరి పక్కన ఎవరు ఎగరాలి.

మీ ప్రశ్నకి నా జవాబంతా ఆ ఒక్క పనిలోనే ఉంది. ఫైటర్ స్క్వాడ్రన్‌లో పనిచేసిన ఎవర్నడిగినా గోడకున్న బోర్డు గురించి చెప్తారు. ఈ రోజు ఎవరు ఏ విమానంలో వెళ్ళాలి, లీడర్ ఎవరు, అతని పక్కన ఎగిరే నంబర్ టూ ఎవరు అని దాని మీద రాస్తారు. శాంతికాలంలో అది బడి టైంటేబుల్ లాంటిది. నా పేరు లేని రోజు నేను అలిగేవాణ్ణి. యుద్ధంలో మధ్యాహ్నానికే ఆ పేర్లలో ఇద్దరు ఉండకపోవచ్చు. వాళ్ళ పేర్లు తుడిపించి ఆ గళ్ళలో ఇంకో ఇద్దరి పేర్లు రాయించాల్సింది కమాండరే. తుడిచిన పేర్లూ కొత్తగా రాసిన పేర్లూ నిన్న రాత్రి తనతో ఒకే బల్ల దగ్గర భోంచేసినవాళ్ళవి. వెయ్యి మందిని నడిపే అధికారికి అందరి ముఖాలూ గుర్తుండకపోవచ్చు. ఇరవై మందిని నడిపేవాడికి ఎవరికి పెళ్ళి కుదిరిందో, ఎవరు రాత్రిళ్ళు నిద్రపోవడం లేదో, ఎవరికి ఎడమ వైపు తిరిగేటప్పుడు వెనక్కి చూసే అలవాటు లేదో అన్నీ తెలుసు. తెలిసి రాయాలి.

253 కథకి వస్తాను. 1940 వేసవిలో దాన్ని నడిపినవాడు టామ్ గ్లీవ్. లివర్‌పూల్ మనిషి, అప్పటికి 31 ఏళ్ళు. అంతకుముందు ఫైటర్ స్క్వాడ్రన్లన్నింటినీ నడిపే ఫైటర్ కమాండ్ ప్రధాన కార్యాలయంలో ఉద్యోగం. బల్ల ముందు కూర్చోలేక ఎగిరే పని కోరి తెచ్చుకున్నాడు. ఆగస్టులో హెరాల్డ్ స్టార్ అనే ఇంకో స్క్వాడ్రన్ లీడర్‌ని కమాండర్‌గా పంపారు. గ్లీవ్ బాధ్యత అప్పగించి మళ్ళీ ఆఫీసుకి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు, స్క్వాడ్రన్‌తోనే ఉంటానని అడిగి ఉండిపోయాడు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటాం మనం. ఇక్కడ ఇమిడాయి.

స్క్వాడ్రన్ అప్పుడు స్కాట్లండ్‌లో ప్రెస్ట్‌విక్ దగ్గర ఉంది. ఆగస్టు 29న దాన్ని లండన్‌కి దక్షిణాన ఉన్న కెన్లీకి తరలించారు. పదకొండు రోజుల ముందే బాంబులు పడి హ్యాంగర్లు కూలిన స్థావరం అది. మర్నాడు, శుక్రవారం, ముగ్గురు పైలట్లు చనిపోయారు: ఫ్రాన్సిస్, జెంకిన్స్, డికిన్సన్. శనివారం ఉదయం స్టార్ విమానం దెబ్బతింది. దూకాడు గానీ ప్రాణంతో నేల చేరలేదు. గ్లీవ్ మళ్ళీ పగ్గాలు పట్టుకున్నాడు. అదే మధ్యాహ్నం జర్మన్ బాంబర్ల మీదకి వెళ్తుండగా అతని హరికేన్ రెక్కలోని పెట్రోల్ ట్యాంకు అంటుకుంది, మంటలు కాక్‌పిట్‌లోకి వచ్చేశాయి. ముఖం, చేతులు, కాళ్ళు కాలిన స్థితిలో పారాషూట్‌తో దిగాడు. అప్పుడు స్క్వాడ్రన్ ఫ్లైట్ లెఫ్టినెంట్ విలియం కేంబ్రిడ్జ్ మీద పడింది. తర్వాతి శుక్రవారం, సెప్టెంబర్ 6న, అతనూ చనిపోయాడు. ఆ శనివారం నాడే పక్కనున్న క్రాయ్‌డన్‌లో 85 స్క్వాడ్రన్ కమాండర్ పీటర్ టౌన్సెండ్ కూడా పాదానికి గాయమై పారాషూట్‌తో దిగాడు.

నేను ఎక్కువగా ఆలోచించేది కేంబ్రిడ్జ్ గురించే. చాలా పుస్తకాల్లో అతని గురించి రెండు వాక్యాలకి మించి ఉండవు. మామూలు రోజుల్లో కమాండ్ చేతికి రావడమంటే పరేడ్ ఉంటుంది, విందు ఉంటుంది, పాత కమాండర్ కొత్తవాడికి తాళంచెవులు ఇచ్చి ఎవరితో ఎలా ఉండాలో చెవిలో చెప్తాడు. కేంబ్రిడ్జ్‌కి చెప్పేందుకు ఎవరున్నారు? ఒకడు చనిపోయాడు, ఇంకొకడు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ సాయంత్రం నుంచే పేర్లు రాయడం మొదలుపెట్టాలి. రాసిన పేర్లలో మొదటిది తనదే అయి ఉండాలి. ఇది బయటవాళ్ళకి సులువుగా అర్థంకాని సంగతి. ఎక్కువ సోర్టీలు (ఒకసారి ఎగిరి రావడాన్ని సోర్టీ అంటాం) తనే వెళ్తే కుర్రాళ్ళకి ధైర్యం, కానీ తను పోతే స్క్వాడ్రన్ తల తెగిన మొండెం అవుతుంది. తను వెళ్ళకుండా ఇంకొకణ్ణి లీడర్‌గా పంపితే స్క్వాడ్రన్ నిలుస్తుంది, కానీ ఆ పంపిన మనిషి తిరిగి రాకపోతే ఆ రాత్రి మెస్‌లో అందరి ముఖాలూ చూడాలి. రెంటిలో ఏది సరైనదో ఏ మాన్యువల్‌లోనూ లేదు. చాలామంది తామే వెళ్ళడాన్ని ఎంచుకున్నారు. మనసుకి అదే తేలిక అని నాకనిపిస్తుంది. చావు ఒక్కసారే వస్తుంది, పంపినవాడు రాకపోవడం రోజూ జరుగుతుంది.

గాల్లో కూడా నాయకుడి పని వేరు. బ్రిటిష్ స్క్వాడ్రన్లు అప్పట్లో ముగ్గురేసి బాణం మొనలా దగ్గరదగ్గరగా ఎగిరేవి. ముందున్నవాడు దారి చూసుకోవాలి, ఎత్తు చూసుకోవాలి, సూర్యుడు ఎటున్నాడో చూసుకోవాలి, చెవిలో కంట్రోలర్ మాట వినాలి, శత్రువు జాడ పట్టాలి. వెనకున్న ఇద్దరికీ లీడర్ రెక్కకి తగలకుండా ఎగరడమే సరిపోయేది, ఆకాశం చూసే తీరిక ఉండేది కాదు. జర్మన్లు మాత్రం స్పెయిన్ యుద్ధంలో వెర్నర్ మోల్డర్స్ లాంటివాళ్ళు సాధించిన పద్ధతిలో ఇద్దరిద్దరుగా, నలుగురుగా ఎడంఎడంగా ఎగిరేవాళ్ళు. వాళ్ళలో ప్రతివాడికీ చుట్టూ చూసే వీలుంది. తమ పద్ధతి ప్రాణాలు తీస్తోందని తెలిశాక కమాండర్ ఏం చేయాలి? కొత్తగా వచ్చిన కుర్రాడికి వచ్చింది ఆ ఒక్క పద్ధతే. దాన్ని మాన్పించి ఇంకోటి నేర్పాలంటే ప్రశాంతంగా నాలుగు రోజులు కావాలి, ఆ నాలుగు రోజులు ఎవరూ ఇవ్వరు. 74 స్క్వాడ్రన్‌ని నడిపిన సైలర్ మలాన్ పద్ధతి మార్చాడు, పైలట్ల కోసం పది సూత్రాలు కూడా రాశాడు. పోరాటం జరిగే చోట ముప్ఫై సెకన్లకి మించి తిన్నగా ఎగరొద్దన్నది వాటిలో ఒకటి. మార్చలేకపోయిన కమాండర్లు పాత పద్ధతిలోనే కుర్రాళ్ళని తీసుకెళ్ళారు. వాళ్ళని ఇప్పుడు కుర్చీలో కూర్చుని తప్పుపట్టడం నాకు ఇష్టం ఉండదు.

కొత్త కుర్రాళ్ళ సంగతి ఇంకా కష్టం. ఆగస్టు 24 నుంచి సెప్టెంబర్ 6 దాకా, ఆ రెండు వారాల్లోనే, ఫైటర్ కమాండ్‌లో 103 మంది పైలట్లు చనిపోయారు, 128 మంది తీవ్రంగా గాయపడ్డారు. సుమారు వెయ్యి మందిలో దాదాపు నాలుగో వంతు అన్నమాట. వాళ్ళ బదులు వచ్చేవాళ్ళు స్పిట్‌ఫైరో హరికేనో పది ఇరవై గంటలు మాత్రమే నడిపి వచ్చేవాళ్ళు. గుంపులో ఎగరడం సరిగా రాదు, వెనక్కి చూడటం తెలియదు. కమాండర్ ముందున్న లెక్క ఇలా ఉంటుంది. ఈ కుర్రాణ్ణి ఈ రోజు పంపితే చనిపోయే అవకాశం చాలా ఎక్కువ. ఒక వారం ఆపి నేర్పిస్తే బతకవచ్చు. ఆపితే ఆ స్థానంలో వెళ్ళాల్సింది పొద్దుటి నుంచి మూడుసార్లు ఎగిరి వచ్చి కుర్చీలోనే నిద్రపోతున్న పాత పైలట్. అలసిన పాతవాడు ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడా, హుషారుగా ఉన్న కొత్తవాడా? ఇద్దరిలో ఒకడి పేరు రాయాలి. ఫోన్ ఎప్పుడు మోగుతుందో తెలియదు కాబట్టి ఇప్పుడే రాయాలి.

సెప్టెంబర్ 8న ఫైటర్ కమాండ్ అధిపతి హ్యూ డౌడింగ్ స్క్వాడ్రన్లని ఎ, బి, సి అని మూడు తరగతులు చేశాడు. ఎక్కువ దెబ్బలు తగిలే ఆగ్నేయంలో ఎ తరగతివి. దూరంగా ఉన్న సి తరగతివి తమ తర్ఫీదైన పైలట్లలో కొద్దిమందిని మాత్రం ఉంచుకుని మిగతావాళ్ళని ఎ తరగతికి పంపాలి, కొత్తవాళ్ళని తీసుకుని నేర్పించాలి. యుద్ధం గెలవడానికి అది కావాల్సిన నిర్ణయమే, నేను కాదనను. కానీ సి తరగతి స్క్వాడ్రన్ కమాండర్ గురించి ఎవరూ మాట్లాడరు. ఒక కుర్రాణ్ణి కళ్ళముందు పెంచి, గుంపులో ఎగరడం నేర్పి, భయం పోగొట్టి, సరిగ్గా పనికొచ్చే వేళకి వేరేవాళ్ళకి అప్పగించేయాలి. మళ్ళీ కొత్త ముఖాలతో మొదలు. పంపినవాళ్ళు ఏమయ్యారో తర్వాత ఎవరి నోటి నుంచో వింటాడు. యుద్ధానికి దూరంగా ఉన్నాడు కాబట్టి అతని బరువు తక్కువని అనుకోవద్దు.

ఇక భయం. ఇది నేను జాగ్రత్తగా చెప్పాలి. ఆ యుద్ధంలో రాయల్ ఎయిర్ ఫోర్స్ 1940 వసంతం నుంచి ఒక నియమం అమలుచేసింది. ఎగరడానికి జంకుతున్నాడని ముద్రపడ్డ పైలట్‌కి 'నైతిక స్థైర్యం లోపించింది' అని కాగితం మీద రాసి, ఎగిరే పని నుంచి తప్పించి అవమానంగా పంపేసేవాళ్ళు. ఆ ముద్రకి ఆధారం కమాండర్ ఆ మనిషి మీద నమ్మకం పోగొట్టుకోవడం. అంటే డాక్టరు చూసినా, పై అధికారులు విచారించినా, మొదటి మాట స్క్వాడ్రన్ కమాండర్‌దే. పొద్దున ఇంజిన్ సరిగా లేదని వెనక్కి తిరిగొచ్చినవాడు నిజంగా ఇంజిన్ బాగోలేక వచ్చాడా, చేతులు వణికి వచ్చాడా? రెండోదే అయితే అతనికి కావాల్సింది వారం సెలవా, గట్టిగా ఒక మాటా, లేక ముద్రా? పొరపాటున ఉంచితే అతనితో పాటు అతని పక్కన ఎగిరేవాడు కూడా పోతాడు. పొరపాటున పంపేస్తే ఒక మంచి కుర్రాడి బతుకు జీవితాంతం తలదించుకునేలా అవుతుంది. తీర్పు చెప్పే ఈ మనిషికి కూడా చేతులు వణుకుతూనే ఉంటాయి. అతనికి మాత్రం ఎవరితోనూ చెప్పుకునే వీల్లేదు. పైలట్లు ఒకరితో ఒకరు చెప్పుకుంటారు, ఏడుస్తారు, తాగుతారు. కమాండర్ గదిలోకి వస్తే మాటలు ఆగిపోతాయి. అది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నాకు తెలిసిన ఇద్దరు సీఓలూ రిటైరయ్యాక మొదట చెప్పింది దాని గురించే.

మీరు కాగితాల పని అన్నారు కదా. అక్కడికే వస్తున్నాను. చనిపోయిన పైలట్ ఇంటికి ముందు టెలిగ్రాం వెళ్తుంది, వెనకాలే కమాండర్ చేత్తో రాసిన ఉత్తరం వెళ్తుంది. రోజుకి మూడుసార్లు ఎగిరి వచ్చి రాత్రి రాయాల్సిన ఉత్తరం అది. కుర్రాడు స్క్వాడ్రన్‌కి వచ్చి రెండు రోజులే అయి ఉండవచ్చు, ముఖం కూడా సరిగా గుర్తుండదు, అయినా తల్లికి ఏదో ఒక నిజమైన మాట రాయాలి. చనిపోయాడని తెలిస్తే ఒక రకం. గల్లంతయితే ఇంకో రకం. ఆశ పెట్టాలా, తీసేయాలా? ఇందాక చెప్పిన 253 స్క్వాడ్రన్ కుర్రాడు కోలిన్ ఫ్రాన్సిస్‌కి 19 ఏళ్ళు. ఆగస్టు 30న వెళ్ళి తిరిగి రాలేదు. ఎక్కడ కూలాడో ఎవరూ చూడలేదు. 1981లో కెంట్‌లో ఒక పొలం తవ్వితే హరికేన్ శకలాలూ, వాటిలో అతని అవశేషాలూ దొరికాయి. 41 ఏళ్ళు.

మన దగ్గరా ఇలాంటిది ఉంది. 1965 సెప్టెంబర్ 7న తెల్లవారకముందే ఆదంపూర్ నుంచి మన 1 స్క్వాడ్రన్ మిస్టేర్ విమానాలు పాకిస్తాన్‌లోని సర్గోధా స్థావరం మీదకి వెళ్ళాయి. వాటిని స్వయంగా నడిపింది కమాండర్ ఓ.పి. తనేజా. స్క్వాడ్రన్ లీడర్ హోదా ఉన్న పైలట్ ఎ.బి. దేవయ్య అందులో అదనంగా సిద్ధంగా ఉంచినవాడు, అవసరం పడితేనే వెళ్ళాలి. అవసరం పడింది, వెళ్ళాడు. మిగతావాళ్ళు తిరిగొచ్చారు, దేవయ్య రాలేదు. ఏం జరిగిందో ఇక్కడ ఎవరికీ తెలియదు. చాలా ఏళ్ళకి అవతలి వైపు కథనాలు బయటికొచ్చాక అర్థమైంది: తనకంటే ఎంతో వేగమైన పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ విమానంతో ఒంటరిగా తలపడి దాన్ని పడగొట్టి మరీ చనిపోయాడని. 1988లో, అంటే 23 ఏళ్ళ తర్వాత, మహావీర్ చక్ర ఇచ్చారు. అన్నేళ్ళూ ఆ దాడిని నడిపినవాడి లెక్కలో ఒక పేరు ముందు ఏమీ రాయలేని ఖాళీ ఉండిపోయింది.

నేను కళ్ళారా చూసిన ఒక్క రోజు గురించి చెప్తాను. యుద్ధం కాదు, మామూలు శిక్షణ రోజు. మా స్క్వాడ్రన్ విమానం ఒకటి కూలింది, పైలట్ బయటపడలేదు. నాకంటే రెండేళ్ళు సీనియర్. అడ్జుటెంట్‌ని కాబట్టి అతని ఫైలు తీసుకుని సీఓతో పాటు జీపులో కూర్చున్నాను. వెనక డాక్టరు, సీఓ గారి భార్య. క్వార్టర్స్ దాకా ఐదు నిమిషాల దారి. సీఓ దారంతా ఒక్కటే మాట మాట్లాడారు, హిందీలో, "పాప పేరేంటి?" అని. ఆయనకి తెలుసు, పుట్టినరోజుకి వచ్చి ఎత్తుకున్నారు కూడా. ఆ గుమ్మం ముందు తప్పు పలుకుతానేమోనని భయం. నేను చెప్పాను. ఇంకోసారి అడిగారు, ఇంకోసారి చెప్పాను. ఆవిడ తలుపు తీసి మా నలుగుర్నీ చూశారు, డాక్టర్ని చూశారు. మేమేమీ చెప్పనక్కర్లేకపోయింది.

ఆ సోర్టీకి ఆథరైజేషన్ బుక్‌లో, అంటే ఎగరడానికి అనుమతి రాసే పుస్తకంలో, సంతకం సీఓదే. ఏ తప్పూ లేదు, విచారణలోనూ అదే తేలింది. నాలుగు రోజులకి మళ్ళీ ఎగరడం మొదలైంది. ఆ పొద్దున నేను వెళ్ళేసరికి బోర్డు మీద ప్రోగ్రాం రాసి ఉంది, ఆయన చేతిరాతే. మామూలుగా ఫ్లైట్ కమాండర్ రాసే పని. మొదటి సోర్టీ, అదే రకం విమానం, మొదటి పేరు ఆయనది. నంబర్ టూ నేను. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పైకి వెళ్ళాక రేడియోలో ఆయన గొంతు ఎప్పటిలాగే ఉంది. దిగాక చూస్తే ఆయన గ్లవ్స్ రెండూ చెమటకి తడిసి నల్లబడి ఉన్నాయి. ఒక్క మనిషి, ఒక్క ప్రమాదం, నాలుగు రోజుల విరామం ఉన్నాక కూడా అంత. కేంబ్రిడ్జ్‌కి నాలుగు గంటలు కూడా దొరికి ఉండవు.

చిన్న పనులు కూడా బరువే. 1940లో వార్మ్‌వెల్ స్థావరం నుంచి ఎగిరిన స్క్వాడ్రన్లలో మన హైదరాబాద్ 152తో పాటు 609 కూడా ఉండేది. 609ని నడిపిన జార్జ్ డార్లీ పోట్లాడింది శత్రువుతోనే కాదు. వేళ దాటి వచ్చే పైలట్లకి భోజనం పెట్టే విషయంలో స్థావరం అధికారులతో కూడా గొడవపడ్డాడు. జర్మన్లు మెస్ వేళలు చూసుకుని రారు కదా. ఇది చదివినప్పుడు నవ్వొస్తుంది గానీ, కడుపు మాడి ఎగిరే కుర్రాడి కళ్ళు ఇరవై వేల అడుగుల ఎత్తులో సరిగా పనిచేయవు. కమాండర్‌కి ఆ భోజనం కూడా యుద్ధంలో భాగమే.

గ్లీవ్ సంగతి మధ్యలో వదిలేశాను. కాలిన ముఖంతో ఆసుపత్రి మంచం మీద ఉన్న అతన్ని చూడటానికి భార్య వచ్చి, ఏం చేసుకున్నావిలా అని అడిగితే, ఒక జర్మన్‌తో గొడవపడ్డానన్నాడు. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో డాక్టర్ ఆర్చిబాల్డ్ మెకిండో అతనికి కొత్తగా ముక్కూ కనురెప్పలూ అమర్చాడు. కాలిపోయిన పైలట్లు అక్కడ పెట్టుకున్న గినీ పిగ్ క్లబ్‌కి మొదటి పెద్ద గ్లీవే. ఏడాది తిరిగేసరికి మళ్ళీ ఉద్యోగంలో చేరాడు, ఆ తర్వాత కెంట్ తీరంలోని మాన్‌స్టన్ స్థావరానికి కమాండర్‌గా వెళ్ళాడు. ఈసారి తను ఎగిరే పని లేదు, పంపే పనే.

1942 ఫిబ్రవరి 12న జర్మనీ పెద్ద యుద్ధనౌకలు పట్టపగలు ఇంగ్లిష్ ఛానల్ దాటుతున్నాయి. వాటి మీదకి మాన్‌స్టన్ నుంచి వెళ్ళాల్సినవి ఆరు స్వోర్డ్‌ఫిష్‌లు, గంటకి వంద మైళ్ళు కూడా కష్టంగా వెళ్ళే పాతకాలపు జంటరెక్కల టార్పెడో విమానాలు. వాటి నాయకుడు నౌకాదళానికి చెందిన యూజీన్ ఎస్మండ్. కాపలాగా ఐదు స్క్వాడ్రన్ల ఫైటర్లు వస్తాయన్నారు. వేళకి వచ్చినవి పది స్పిట్‌ఫైర్లు. ఇక ఆగితే నౌకలు దాటిపోతాయి. ఎస్మండ్ వెళ్తానన్నాడు. బయల్దేరే ముందు అతని ముఖం చూసి తను కదిలిపోయానని, ఆ తర్వాత జీవితంలో ఏదీ తనని అంతగా కదిలించలేదని గ్లీవ్ తర్వాత చెప్పాడు. ఎక్కడికి వెళ్తున్నాడో ఎస్మండ్‌కి తెలుసు. గ్లీవ్‌కి కూడా తెలుసు.

ఆరు విమానాలూ ఒకదాని వెనక ఒకటి లేస్తుంటే, గ్లీవ్ ఆ చలిలో మైదానం అంచున నిలబడి వెళ్ళేవాళ్ళకి సెల్యూట్ చేశాడు. ఆరింటిలో ఒక్కటీ తిరిగి రాలేదు. 18 మందిలో ఐదుగురే బతికారు. ఎస్మండ్ ఆ ఐదుగురిలో లేడు. అతనికి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇవ్వాలని సిఫార్సు కాగితం రాసింది గ్లీవే.